గ్రౌండ్ దస్తావేజు ఎవరి పేరున ఉంది?

2025 మే 18న లివర్‌పూల్ నగరంలోని గుడిసన్ పార్కులో ఎవర్టన్ ఫుట్‌బాల్ క్లబ్బు పురుషుల జట్టు ఆఖరి మ్యాచ్ ఆడింది. సౌతాంప్టన్ మీద 2-0తో గెలిచింది. మ్యాచ్ అయిపోయినా జనం కదల్లేదు. నెరిసిన గడ్డాల వాళ్ళు కూడా కళ్ళు తుడుచుకుంటున్నారు. మనకది మండు వేసవిలో ఒక ఆదివారం. అమలాపురంలో మా మేనల్లుడు ఫోన్లో చూస్తూ, "మావయ్యా, 1892 నుంచి ఆడుతున్న గ్రౌండు కదా, ఇంత ఏడ్చేవాళ్ళు ఎందుకు వదిలేసి పోతున్నారు?" అని అడిగాడు. వాడు ఎవర్టన్ అభిమాని కూడా కాదు, ఆర్సెనల్ పిచ్చోడు. వాడి ఆర్సెనల్ కూడా 2006లో ఇదే పని చేసిందని చెబితే కాసేపు నమ్మలేదు.

"డబ్బు కోసంరా" అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు. అది తప్పు కాదు గానీ సగమే నిజం. మిగతా సగం భూమి సంగతి. అది మన డెల్టా వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక్కడ పొలం ఒకరి పేరున ఉంటుంది, నాట్లు ఇంకొకరు వేస్తారు. పంట బాగుంటే ఎవరికెంత, గోదారి పొంగి చేను మునిగితే నష్టం ఎవరిది, కౌలు పెంచుతానంటే ఏం చేయాలి అన్నవి రోజూ నలిగే మాటలే. స్టేడియం మారిన క్లబ్బుల్ని ఈ లెక్కలో పెట్టి చూస్తే ఎవరు బాగుపడ్డారో, ఎవరు మునిగారో ఇట్టే తెలిసిపోతుంది.

అసలు ఎవర్టన్ గుడిసన్‌కి వచ్చిందే కౌలు గొడవ మీద. అంతకుముందు 1884 నుంచి వాళ్ళు ఆడింది ఆన్‌ఫీల్డ్‌లో. అవునండి, ఇప్పుడు లివర్‌పూల్ క్లబ్బు ఆడే ఆన్‌ఫీల్డే. ఆ స్థలం పెత్తనం జాన్ హౌల్డింగ్ అనే బీరు వ్యాపారిది. ఆయన అద్దె పెంచాడు. స్థలం క్లబ్బే కొనాలన్న బేరమూ నడిచింది. సభ్యులకి ఆ లెక్కలు నచ్చక మూటాముల్లె సర్దుకుని స్టాన్లీ పార్కుకి అవతల గట్టున గుడిసన్‌లో దిగారు. చేతిలో ఖాళీ గ్రౌండు మిగిలిపోయిన హౌల్డింగ్ అందులో ఆడటానికి 1892లో కొత్త క్లబ్బే పెట్టాడు. అదే లివర్‌పూల్. ఈ సంగతి ఆ జట్టు అభిమానుల దగ్గర కాస్త మెల్లిగా చెప్పాలి.

ఆ కాలపు గ్రౌండ్లు చాలావరకు కార్మికుల ఇళ్ళ వరుసల మధ్యే లేచాయి. శనివారం మధ్యాహ్నం దాకా మిల్లు, అటునుంచటే మ్యాచ్. నడిచి వచ్చే జనానికి పార్కింగ్ ఎందుకు? ఆర్కిబాల్డ్ లీచ్ అనే స్కాట్లండ్ ఇంజనీరు ఫ్యాక్టరీలు కట్టిన చేత్తోనే గుడిసన్, ఆన్‌ఫీల్డ్, ఓల్డ్ ట్రాఫర్డ్ లాంటి చోట్ల స్టాండ్లు కట్టాడు. ఎక్కువ మంది మెట్ల మీద నిలబడే చూసేవారు. 1948లో లివర్‌పూల్‌తో మ్యాచ్‌కి గుడిసన్‌లో 78,299 మంది కిక్కిరిశారు. చివరికొచ్చేసరికి అదే గ్రౌండులో మిగిలినవి సుమారు 39,000 సీట్లు. వాటిలో కొన్నింటి ముందు ఇనుప స్తంభం అడ్డం. గోల్ పడిందో లేదో పక్కవాడి ముఖం చూసి తెలుసుకోవాలి. గ్రౌండు పెంచుదామంటే ఒక మూల చర్చి, ఒక పక్క బడి, చుట్టూ ఇళ్ళు.

78 వేలు 39 వేలకి ఎలా తగ్గాయో తెలియాలంటే రెండు విషాదాల దగ్గరికి వెళ్ళాలి. 1985 మే 11న బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండు కింద ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్తకి నిప్పంటుకుంది. నిమిషాల్లో స్టాండంతా కాలిపోయి 56 మంది చనిపోయారు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరోలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ సెమీఫైనల్. అప్పటికే నిండిపోయిన కంచె గదుల్లోకి ఇంకా జనాన్ని వదిలారు. ముందువాళ్ళు ఇనుప కంచెకి అదుముకుపోయారు. మొత్తం 97 ప్రాణాలు పోయాయి. ఆ తొంభై ఏడో మనిషి ఆనాటి గాయాలతోనే బతికి 2021లో కన్నుమూశాడు. తప్పు అభిమానులదే అన్న నింద ఏళ్ళ తరబడి నడిచింది. అది అబద్ధమని, పోలీసుల నిర్వహణ లోపమే కారణమని 2016లో విచారణ జ్యూరీ తేల్చింది.

హిల్స్‌బరో మీద విచారణ జరిపిన న్యాయమూర్తి లార్డ్ టేలర్ 1990 జనవరిలో ఇచ్చిన నివేదిక ఇంగ్లండ్ ఫుట్‌బాల్ రూపు మార్చేసింది. పెద్ద డివిజన్ల గ్రౌండ్లలో నిలబడి చూడటం ఆగిపోవాలి, అందరికీ సీటు ఉండాలి. మంచి మాటే. కానీ ఇద్దరు ముగ్గురు నిలబడే చోట ఒక్క కుర్చీ పడుతుంది. గ్రౌండులో పట్టే జనం తగ్గారు, మరమ్మతుల ఖర్చు పెరిగింది, దాంతో టికెట్ ధర ఎక్కింది. శనివారం మధ్యాహ్నం మిల్లు నుంచి నడిచొచ్చే మనిషి మెల్లగా టీవీ ముందుకి జరిగాడు. పటిష్ఠమైన రెయిలింగ్‌తో నిలబడి చూసే ఏర్పాటుకి 2022లో మళ్ళీ అనుమతి వచ్చిందనుకోండి, అప్పటికి టికెట్ రేట్లు చేరాల్సిన చోటికి చేరిపోయాయి.

క్లబ్బుల ముందు రెండు దారులు మిగిలాయి. ఉన్నచోటే అతుకులేసుకోవడం, లేదా లేచిపోవడం. సండర్‌లాండ్ 1997లో రోకర్ పార్కు వదిలి, మూతబడ్డ బొగ్గు గని స్థలంలో స్టేడియం కట్టుకుంది. గేటు దగ్గర గని కార్మికుడి లాంతరు ప్రతిమ పెట్టింది. అదే ఏడు బోల్టన్, డార్బీ మారాయి. 2001లో సౌతాంప్టన్, 2002లో లెస్టర్, 2003లో మాంచెస్టర్ సిటీ. ఒక తరం గ్రౌండ్లు పదేళ్ళలో తుడిచిపెట్టుకుపోయాయి.

వీటన్నిటిలో ఆర్సెనల్ కథ నిదానంగా చూడదగ్గది, ఎందుకంటే వాళ్ళు సొంత పొలం అమ్మి సొంత పొలమే కొన్నారు. హైబరీ 1913 నాటిది. సీట్లు 38 వేల పైచిలుకు. టికెట్ కోసం ఏళ్ళ తరబడి వెయిటింగ్ లిస్టు. అర కిలోమీటరు దూరంలో చెత్త తరలించే కేంద్రం, చిన్న చిన్న పరిశ్రమలు ఉన్న స్థలం కనబడింది. ఒక్కొక్కరినీ ఖాళీ చేయించి, వాళ్ళకి వేరేచోట ఏర్పాట్లు చేసి, మున్సిపాలిటీకి కొత్త చెత్త కేంద్రం కట్టించి 60 వేల సీట్ల స్టేడియం లేపారు. ఖర్చు సుమారు 39 కోట్ల పౌండ్లు, అందులో 26 కోట్లు బ్యాంకు అప్పు. స్టేడియం పేరునీ చొక్కా మీది పేరునీ కలిపి ఒక విమానయాన సంస్థకి 2004లో ఇచ్చి దాదాపు 10 కోట్లు తెచ్చుకున్నారు. పాత హైబరీని అపార్ట్‌మెంట్లు చేసి అమ్మారు.

లెక్క చక్కగానే ఉంది. సీట్లు పెరిగాయి, డబ్బున్నవాళ్ళు విడిగా కూర్చుని చూసే 150 గదులు (బాక్సులు) వచ్చాయి, భోజనంతో కూడిన ఖరీదైన టికెట్లు వచ్చాయి. మ్యాచ్ రోజు రాబడి పెద్ద క్లబ్బుల సరసన చేరింది. చిక్కల్లా కాలంతో వచ్చింది. గేటు రాబడే క్లబ్బుకి ప్రాణం అన్న అంచనాతో వేసిన ప్లాను అది. 2004 నుంచి మూడేళ్ళకు ఇంగ్లండ్ పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్ బ్రిటన్ టీవీ హక్కులు సుమారు 100 కోట్ల పౌండ్లకు పోతే, 2016 నుంచి మూడేళ్ళకు 500 కోట్లు దాటాయి. ఇటు లండన్ క్లబ్బు చెల్సీని 2003లో రష్యా కోటీశ్వరుడు అబ్రమోవిచ్ కొన్నాడు, తర్వాత అబుదాబి డబ్బు మాంచెస్టర్ సిటీకి వచ్చింది. స్టేడియం కట్టకుండానే డబ్బు కురిసే దారులు తెరుచుకున్న సరిగ్గా ఆ వేళకే ఆర్సెనల్ స్టేడియం అప్పు తీరుస్తూ కూర్చుంది. మేటి ఆటగాళ్ళు ఆన్రీ 2007లో, ఫాబ్రెగాస్ 2011లో, వాన్ పెర్సీ 2012లో వెళ్ళిపోయారు. 2005 ఎఫ్‌ఏ కప్పు తర్వాత 2014 దాకా కప్పు మొహం చూడలేదు. అయినా కోచ్ వెంగర్ ప్రతి ఏడూ జట్టుని లీగ్‌లో మొదటి నలుగురిలో నిలబెట్టాడు. నన్నడిగితే ఆయన గెలిచిన కప్పులకంటే ఆ తొమ్మిదేళ్ళ కాపురమే గొప్పది. ఈ మాటకి మా మేనల్లుడు మాత్రం ఒప్పుకోడు.

ఎంత కష్టపడినా చివరికి పొలం వాళ్ళదే. ఇప్పుడు ఆ గేటు రాబడిలో వాటా అడిగేవాడు లేడు.

అదే లండన్‌లో వెస్ట్ హామ్‌ని చూడండి. 1904 నుంచి ఆప్టన్ పార్కులో ఆడారు. చుట్టుపక్కల గ్రీన్ స్ట్రీట్ అంటే మన ఉపఖండం వాళ్ళ చీరల కొట్లు, నగల కొట్లు. మ్యాచ్ రోజున ఆ కొట్ల ముందు నుంచే జనప్రవాహం. 2016లో ఆ గ్రౌండుని బిల్డరుకి అమ్మేసి 2012 ఒలింపిక్స్ స్టేడియంలోకి కౌలుకి దిగారు. 99 ఏళ్ళ లీజు. మొదట్లో ఏడాదికి 25 లక్షల పౌండ్లు. స్టేడియాన్ని ఫుట్‌బాల్‌కి అనువుగా మార్చడానికి 32 కోట్ల పౌండ్ల పైన అయితే క్లబ్బు ఇచ్చింది కోటిన్నర. అక్కడి సమాచార హక్కు చట్టం కింద పోరాడితే గానీ ఆ ఒప్పందం పూర్తిగా బయటికి రాలేదు. తీరా చూస్తే గోల్ పోస్టులు, కార్నర్ జెండాల ఖర్చు కూడా యజమానిదే! యజమాని అంటే లండన్ ప్రజల డబ్బుతో నడిచే సంస్థ.

ఇంత చవక కౌలు మన వైపు ఎవరికైనా దొరికితే కొబ్బరికాయ కొట్టి మరీ సంతకం పెడతారు. కానీ దానికీ ఒక ఖరీదు ఉంది. అది పరుగు పందేల కోసం కట్టిన స్టేడియం. మైదానం చుట్టూ ట్రాక్. ముందు వరుసలో కూర్చున్నా ఆటగాడు దూరంగానే ఉంటాడు. పాత గ్రౌండులో త్రో వేసే ఆటగాడి చెవిలో తిట్టు పడేది, ఇక్కడ ఆ అవకాశం లేదు. అథ్లెటిక్స్‌కీ ఫుట్‌బాల్‌కీ మధ్య సీట్లు ముందుకీ వెనక్కీ జరపడానికే ఏటా లక్షల పౌండ్లు పోతున్నాయి. అది ప్రజల సొమ్ము. 2018 మార్చిలో బర్న్‌లీతో మ్యాచ్ మధ్యలో అభిమానులు మైదానంలోకి దూసుకొచ్చి, యజమానులు కూర్చున్న వైపు వెళ్ళి గొడవ చేశారు. 2023లో అదే క్లబ్బు యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ గెలిచింది, కాబట్టి కౌలు స్టేడియంతో జట్టే చెడిపోయిందనడానికి లేదు. ఇల్లు మాత్రం వాళ్ళది కాలేదు.

ట్రాక్ సంగతి రాస్తుంటే మన వైపు మాట ఒకటి చెప్పాలి. హైదరాబాద్ గచ్చిబౌలిలో ఉన్నది జి.ఎం.సి. బాలయోగి అథ్లెటిక్ స్టేడియం. మన కోనసీమ మనిషి, అమలాపురం ఎంపీ, లోక్‌సభ స్పీకరు, 2002 మార్చిలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయిన బాలయోగి గారి పేరే. యానాం–ఎదుర్లంక వారధికీ ఆయన పేరే ఉంది. పేరులోనే అథ్లెటిక్ అని ఉంది కదా, అక్కడా ఆటకీ జనానికీ మధ్య ట్రాక్ అడ్డం. ఇండియన్ సూపర్ లీగ్‌లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఆడింది ఇందులోనే. 2021-22లో ఆ క్లబ్బు లీగ్ కప్పు గెలిచింది, కరోనా రోజులు కాబట్టి పోటీలన్నీ గోవాలో జరిగాయి. 2025లో చేతులు మారి, పేరు మార్చుకుని ఢిల్లీకి వెళ్ళిపోయింది. స్టేడియం గచ్చిబౌలిలోనే ఉంది, క్లబ్బే లేదు. సొంత జాగా లేని క్లబ్బుని ఊళ్ళో పట్టి ఉంచేది ఏముంటుంది?

ఇంగ్లండ్‌లో అలాంటి దెబ్బే తిన్నది వింబుల్డన్. 1991లో సొంత గ్రౌండు ప్లౌ లేన్ వదిలి వేరే క్లబ్బు గ్రౌండులో అద్దెకున్నారు. 2003లో యజమానులు ఏకంగా మిల్టన్ కీన్స్ అనే వేరే ఊరికి క్లబ్బుని తరలించారు. అభిమానులు మాత్రం అంతకు ఏడాది ముందే తమ సొంత క్లబ్బు పెట్టుకుని, కింది నుంచి మెట్టు మెట్టుగా ఎక్కి 2020 నవంబరులో ప్లౌ లేన్‌లోనే కొత్త స్టేడియంలోకి తిరిగి వచ్చారు. బ్రైటన్ గ్రౌండు అమ్ముకుని 1997 నుంచి రెండేళ్ళు ఎక్కడో దూరపు ఊరి గ్రౌండులో, పన్నెండేళ్ళు ఒక అథ్లెటిక్స్ మైదానంలో తలదాచుకుని 2011లో గానీ ఇల్లు కట్టుకోలేదు.

కావెంట్రీది ఇంకా నొప్పి. అప్పుల కోసం పాత హైఫీల్డ్ రోడ్ గ్రౌండుని అమ్మేసి 2005లో కొత్త అరీనాలోకి వెళ్ళారు. అందులో వాటా కూడా నిలుపుకోలేక అద్దెదారులయ్యారు. అద్దె దగ్గర పేచీ ముదిరి 2013-14లో నార్తాంప్టన్‌లోనూ, 2019 నుంచి రెండేళ్ళు బర్మింగ్‌హామ్‌లోనూ తమ "హోమ్" మ్యాచ్‌లు ఆడారు. సొంత మ్యాచ్ చూడటానికి పక్క ఊరికి బస్సెక్కడం అన్నమాట. ఆ స్టేడియం 2025లో గానీ వాళ్ళ చేతికి రాలేదు. ఇక డార్లింగ్టన్ ఉంది. చిన్న క్లబ్బు, మ్యాచ్‌కి వచ్చేది రెండు మూడు వేల మంది. 2003లో 25,000 సీట్ల స్టేడియం కట్టుకుని, నెలలు తిరక్కుండానే దివాలా ప్రక్రియలో పడింది. పందిరి పెద్దది, పెళ్ళికి బంధువుల్లేరు.

పాత గ్రౌండ్లు ఏమయ్యాయంటే చాలావరకు ఇళ్ళు, సూపర్‌మార్కెట్లు. బోల్టన్ గ్రౌండు సూపర్‌మార్కెట్ అయింది. మిడిల్స్‌బరో అయర్సమ్ పార్కు కాలనీ అయింది గానీ, ఆ కాలనీలో పెనాల్టీ స్పాట్ ఉన్న చోటు, 1966 ప్రపంచ కప్పులో ఉత్తర కొరియా ఇటలీ మీద గోల్ కొట్టిన చోటు గుర్తులు వేసి ఉంచారు. ఎవరి గుమ్మం ముందో ఇటలీ పరువు పోయిన జాగా! హైబరీలో పాత స్టాండ్ల ముఖాలు అలాగే ఉంచి వెనక ఫ్లాట్లు కట్టారు, మైదానం తోట అయింది. గుడిసన్‌ది వేరే సమస్య. ఏళ్ళ తరబడి వందల మంది అభిమానుల అస్థికలు ఆ మైదానం అంచున కలిపారు. చోటు చాలక 2004లో ఆపేశారు. అలాంటి నేలని బిల్డరుకి ఎలా ఇస్తారు? ముందు కూల్చేద్దామనే అనుకున్నారు, చివరికి ఎవర్టన్ మహిళల జట్టుకి ఇచ్చారు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాగా నచ్చిన నిర్ణయం ఇదే.

ఎవర్టన్ కొత్త స్టేడియం మెర్సీ నది ఒడ్డున, 1848 నాటి బ్రామ్లీ–మూర్ డాక్‌ని ఇసుకతో పూడ్చి కట్టింది. సీట్లు సుమారు 53 వేలు. పాత రేవు కట్టడాల మధ్య ఇలాంటి నిర్మాణాలు వస్తున్నాయన్న కారణంగా 2021లో లివర్‌పూల్ ప్రపంచ వారసత్వ హోదా కోల్పోయింది. లీగ్ పెట్టిన హద్దు దాటి నష్టపోయిందని క్లబ్బు మీద పడ్డ కేసులోనూ, కట్టడానికి తెచ్చిన అప్పు వడ్డీని ఏ పద్దులో రాయాలన్నది పెద్ద వాదన అయింది. 2023-24లో ఎవర్టన్‌కి లీగ్ పట్టికలో రెండు దఫాలుగా మొత్తం 8 పాయింట్లు కోత పడ్డాయి. 2024 డిసెంబరులో క్లబ్బు యజమానే మారాడు. కొత్త ఇంట్లోకి అడుగు పెట్టింది ఒకరు, పునాది వేసింది ఇంకొకరు.

కదలకుండా కూర్చున్నవాళ్ళూ ఉన్నారు. లివర్‌పూల్ కొత్త స్టేడియం ఆలోచనని 2012లో పక్కన పెట్టి ఆన్‌ఫీల్డ్‌నే పెంచుకుంది, ఇప్పుడు 61 వేల సీట్లు. కానీ ఆ పెంపు కోసం చుట్టుపక్కల ఇళ్ళు ఏళ్ళ తరబడి కొని ఖాళీగా పెట్టారని, వీధులు పాడుబడ్డాయని అక్కడివాళ్ళ ఫిర్యాదు. ఉన్నచోటే ఉండటానికీ ఎవరో ఒకరు ఇల్లు వదలాలి. చెల్సీది ఇంకా విచిత్రం. స్టాంఫర్డ్ బ్రిడ్జ్ మైదానం హక్కు అభిమానుల వాటాలతో నడిచే సంస్థ చేతిలో ఉంది. చెల్సీ ఫుట్‌బాల్ క్లబ్ అన్న పేరు కూడా వాళ్ళదే. 2011లో క్లబ్బు దాన్ని కొనబోతే 75 శాతం ఓట్లు కావాలి, 62 శాతం లోపే వచ్చాయి. అబ్రమోవిచ్ లాంటివాడి దగ్గర కూడా ఆ దస్తావేజు కొనే డబ్బు లేకపోయిందన్నమాట.

మన డెల్టాలో ఈ చర్చ రాదు, ఎందుకంటే వదిలి వెళ్ళడానికి క్లబ్బు చేతిలో గ్రౌండే లేదు. పిల్లలు ఆడేది హైస్కూలు గ్రౌండులోనో కాలేజీ గ్రౌండులోనో. దీపావళికి టపాసుల కొట్లు, ఎన్నికలకి బహిరంగ సభ, నాయకులు వస్తే హెలిప్యాడ్, అన్నీ అక్కడే. సభ అయ్యాక షామియానా గుంజలు పీకిన గుంతలు అలాగే ఉంటాయి. మర్నాడు సాయంత్రం కుర్రాళ్ళు చేతులతో మట్టి నింపి, కాలితో తొక్కి, చెప్పుల జత రెండు వైపులా పెట్టి గోల్ చేసుకుంటారు. కలకత్తాలో మోహన్ బగాన్, ఈస్ట్ బెంగాల్ లాంటి నూరేళ్ళ క్లబ్బుల మైదాన్ గ్రౌండ్లు కూడా సైన్యం స్థలంలోనివే, పెద్ద మ్యాచ్‌లు సాల్ట్ లేక్ ప్రభుత్వ స్టేడియంలో. మన దేశంలో పెద్ద క్లబ్బులు కూడా చాలావరకు కౌలుదార్లే.

ఈ వరసలో తర్వాతి పేరు మాంచెస్టర్ యునైటెడ్. ఓల్డ్ ట్రాఫర్డ్ 1910 నాటిది. 1941లో బాంబులు పడి పాడైతే, బాగు చేసుకుని 1949లో తిరిగి వచ్చేదాకా మాంచెస్టర్ సిటీ గ్రౌండులో ఆడారు. 2025 మార్చిలో పక్కనే లక్ష సీట్లతో కొత్తది కడతామని ప్రకటించారు, అంచనా 200 కోట్ల పౌండ్లు. నమూనాలో గుడారం లాంటి పైకప్పు, మూడు ఎత్తైన స్తంభాలు, అంతా బాగుంది. కాకపోతే దానికి ఆనుకుని సరుకు రవాణా రైళ్ళ టెర్మినల్ ఉంది. ఆ స్థలం యునైటెడ్‌ది కాదు. ప్రకటన వచ్చిన కొద్ది నెలలకే ధర దగ్గర బేరం బిగుసుకుంది.